వెనక్కి నడిచే మాస్టరు

రుద్రూర్‌లో మట్టి పరీక్షల లాబ్‌లో నా ఉద్యోగం, ఇల్లు బోధన్‌లో. పోయిన వారం మట్టి నమూనాలు తెచ్చిన ఒక రైతు సంచులన్నీ బల్లమీద పెట్టి, రసీదు కోసం నిలబడి, ఉన్నట్టుండి అన్నాడు.

"మీ బ్యాండ్ మాస్టర్ పోయిండు గద సార్. నెల కావస్తుంది. మీకు ఎర్కలేదా?"

నాకు తెలియదు. సర్వే నంబరు సగం రాసి చెయ్యి ఆగిపోయింది. ఆ రైతుకు పొలం రుద్రూర్ పక్కన, ఇల్లు బోధన్‌లో మాస్టరు ఉండే సందులోనే అట. "పొద్దుగాల చాయ్ తాగుకుంట తాగుకుంటనే పోయిండు. తక్లీఫ్ పడలే," అని చెప్పి రసీదు మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఆయన పోయిన సంగతి కంటే ముందు, "మీ మాస్టర్" అన్న మాట నాకు గుచ్చుకుంది. అలా చెప్పుకునే పని నేను చేశానా అన్నది నాకు ఈ రోజుకీ తేలలేదు.

నలభై రెండేళ్ల వయసులో నేను శాక్సాఫోన్ కొన్నాను. హైదరాబాద్‌లో పాత వాద్యాలు అమ్మే దుకాణంలో దొరికింది. ఇంట్లో ఊదితే మా ఆవిడ మూడో రోజున చెప్పింది, "పక్కింటోళ్లు మనింట్ల బర్రెకు పానం బాగలేదా అని అడుగుతుండ్రు." మాకు బర్రె లేదు. అప్పటినుంచి సాయంత్రం ఆఫీసు అయ్యాక నిజాంసాగర్ కాలువ గట్టుకు వెళ్లేవాణ్ని. చుట్టూ చెరకు తోటలు, అడ్డు చెప్పేవాళ్లు లేరు.

ఒంటరిగా స్వరాలు ఊదడం ఆరునెలల్లో విసుగొచ్చింది. వెనక తాళం, తోడు కావాలి. పాడే గొంతు తీసేసి వాద్యాలు మాత్రం మిగిల్చిన ట్రాకులు ఫోన్‌లో దొరుకుతాయని తెలిసి వాటిమీద పడ్డాను. అక్కడే మొదలైంది అసలు కష్టం. నా వాద్యంలో నేను "సా" అనుకుని ఊదేది ట్రాకులోని "సా" కాదు. శాక్సాఫోన్ శ్రుతి వేరు. ట్రాకు శ్రుతి మార్చే యాప్ వేసుకుంటే డోలక్కు నీళ్లలోంచి వాయిస్తున్నట్టు వినిపించేది. శ్రుతి కుదిరిన ట్రాకు దొరికితే వేగం ఎక్కువ. వేగం కూడా కుదిరితే సరిగ్గా చరణం మొదట్లో సబ్బు ప్రకటన. ఒక్క చోట తడబడితే ట్రాకు నన్ను వదిలేసి ముందుకు పోయేది. గట్టుమీద నేను, స్టాపు దాటి పోయిన బస్సు వెనక పరుగెత్తేవాడిలా, దాని వెనక ఊదుకుంటూ పోయేవాణ్ని.

మనుషుల కోసం కూడా వెతికాను. నిజామాబాద్‌లో ఒక ఆర్కెస్ట్రా వాళ్లు నన్ను కూర్చోబెట్టి చాయ్ ఇచ్చి, కీబోర్డు మీద ఒక మీట నొక్కి శాక్సాఫోన్ ధ్వని వినిపించారు. "ఇది మా దగ్గర ఉన్నది అన్నా," అన్నారు మర్యాదగానే. హైదరాబాద్‌లో ఆదివారాలు కలిసి వాయించే బృందాలున్నాయి. మూడున్నర గంటలు వెళ్లి, ఇరవై మంది వరసలో ఒక్క పాట ఊది, మళ్లీ మూడున్నర గంటలు రావడం రెండుసార్లు చేశాను. మూడోసారి మా ఆవిడ ముఖం చూసి మానుకున్నాను.

బోధన్ పాత బస్టాండు వెనక సందులో బ్యాండు మేళం ఉందని నాకు చిన్నప్పటినుంచి తెలుసు. అక్కడికి వెళ్లాలని మాత్రం ఏడాదిన్నర వరకూ తట్టలేదు. ఎందుకు తట్టలేదో తర్వాత బాగా అర్థమైంది.

మొదటిరోజు వెళ్లేసరికి మాస్టరు ఇంటి అరుగుమీద కూర్చుని చాయ్ సాసర్‌లో పోసుకుని తాగుతున్నాడు. సన్నటి మనిషి, అరవై దాటి ఉంటాయి. చంకలో ఒక గుడ్డసంచి. పక్కనే ఆయన భార్య చేట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. ఆమె తలెత్తలేదు. నేను వచ్చిన పని చెప్పాను. ఆయన పెట్టె తెరవమని, శాక్సాఫోన్ అటూ ఇటూ తిప్పి, ఒక మూత దగ్గర సిగరెట్ కాగితం పెట్టి లాగి చూసి, "ఈడ గాలి కారుతున్నది. నీది తప్పు గాదు," అన్నాడు. ఏడాదిన్నరగా నాదే తప్పు అనుకుంటున్న ఒక స్వరం అది.

తర్వాత, "నడువు," అన్నాడు.

"ఎక్కడికి?"

"ఊదుకుంట నడువు. గా మోరీ దాకా పోయి రా," అని సందు చివర మురుగుకాలువ చూపించాడు.

నేనెప్పుడూ నిలబడే ఊదాను. నాలుగు అడుగులు వేసేసరికి మూతి దగ్గరి ముక్క పంటికి కొట్టుకుంది. పెదవి పగిలి రక్తం వచ్చింది. సందులో పిల్లలు నవ్వారు. మాస్టరు నా వేళ్లవైపు చూడలేదు, ముఖంవైపు చూడలేదు. నా కాళ్లనే చూస్తున్నాడు.

"పన్ను ఊడలే గద? మళ్లొక్కసారి."

ఆ సాయంత్రం పదకొండుసార్లు నడిచాను.

అప్పటినుంచి మంగళ, శుక్రవారాలు అక్కడికి వెళ్లేవాణ్ని. మేళంలో ఎనిమిది మంది. పొద్దున్నే చెరకు కోతకు పోయేవాళ్లు, ఆటో నడిపేవాడు, హమాలీ పని చేసేవాడు. సైడు డ్రమ్ము వాయించే సాయిలు మాస్టరు తర్వాత పెద్ద. నన్ను వాళ్లెవరూ పేరు పెట్టి పిలవలేదు. లాబ్ సార్ అనేవారు. నేను "అన్నా" అంటే సాయిలు పలికేవాడు గాని, తిరిగి నన్ను అన్నా అనేవాడు కాదు.

ఒకసారి నా ఫోన్‌లోని ట్రాకు మాస్టరుకు వినిపించాను. చివరిదాకా విన్నాడు. పాత హిందీ పాట, వాద్యాలన్నీ చక్కగా ఉన్నాయి.

"మంచిగున్నది," అన్నాడు. "గని ఇది నిన్ను ఇంటలేదు గద సార్. నువ్వు సచ్చినా గట్లనే పోతది."

కలిసి ఊదడం అంటే ఏమిటో ఆయన దగ్గరే నేర్చుకున్నాను. పక్కవాడూ నేనూ ఒకేసారి ఊపిరి తీసుకోకూడదు. తీసుకుంటే పాటలో గుంట పడుతుంది. క్లారినెట్ వాయించే కుర్రాడి భుజం పైకి లేవగానే నేను నా గాలి బిగబట్టి ఊదాలి. "ఆని భుజం సూడు, నీ మీటలు గాదు," అని అరిచేవాడు. మెచ్చుకున్నప్పుడు కూడా అరిచినట్టే ఉండేది. తాళంచెవుల గుత్తి తొడమీద కొట్టుకుంటూ లయ చెప్పేవాడు. ఎవరైనా తప్పితే ఆ చప్పుడు ఆగేది. మరేమీ అనేవాడు కాదు. ఆ నిశ్శబ్దానికి ఎనిమిది మందీ భయపడేవాళ్లు.

ఊరేగింపులో ఆయన మేళానికి ముందు, మా వైపు తిరిగి, వెనక్కి నడిచేవాడు. బండ్లు, గుంతలు, కుక్కలు, మనుషులు అన్నీ ఆయన వీపు వెనక. ఒక్కసారీ తిరిగి చూసేవాడు కాదు. గుంత వస్తే సాయిలు కనుబొమ్మ ఎగరేసేవాడు, ఆయన పక్కకు జరిగేవాడు. ఎదురుగా డీజే బండి వస్తే మాత్రం చెయ్యెత్తి మేళం ఆపి, టోపీ తీసి, అది దాటేదాకా కళ్లు మూసుకుని నిలబడేవాడు. దాన్ని "డబ్బా" అనేవాడు. నేను ఇదంతా పక్కన నడుస్తూ చూసేవాణ్ని. మేళంలో మాత్రం ఊదలేదు. నేర్చుకోవడం వేరు, కోటు వేసుకోవడం వేరు అని ఎవరూ చెప్పకుండానే నేనూ వాళ్లూ అనుకున్నాం.

ఆయన చంకలోని గుడ్డసంచిలో క్లారినెట్ ఉండేది. గుండె ఆపరేషన్ అయ్యాక డాక్టర్లు ఊదవద్దన్నారు. ఊదనని భార్యకు మాటిచ్చాడు. సంచి మాత్రం వదల్లేదు. "ఊదుతలేను గద, మోస్తున్న," అనేవాడు. ఆమె బీడీ ఆకు కత్తిరిస్తూ, "మొయ్యి మొయ్యి," అనేది.

మాఘమాసంలో శాక్సాఫోన్ వాయించే అతను దుబాయ్ వెళ్లిపోయాడు. వారంలో బోధన్‌లోనే పెళ్లి. పొద్దున పదకొండు గంటల ముహూర్తం, మగపెళ్లివాళ్ల ఎదురుకోలు. మాస్టరు నన్ను అడగలేదు. నేనే అన్నాను, "నేను వస్తాను."

సాయిలు నవ్వాడు. మాస్టరు నవ్వలేదు.

"సార్, కోటు ఏసుకున్నంక నడుమల విప్పేది ఉండది. ఇంటికాడ అడిగినవా?"

"అడగాల్సిన పని లేదు."

"ఆఫీసుల?"

"ఆదివారమే కదా."

"జర సోంచాయించు. రేపు చెప్పు."

"మాటిస్తున్నాను మాస్టర్," అన్నాను. ఆయన లోపలికి వెళ్లి ఎర్రకోటు, టోపీ తెచ్చి నా చేతిలో పెట్టాడు. కోటు చేతులు నాకు కొంచెం పొట్టి.

ఆదివారం పొద్దున బస్టాండు దగ్గర బయల్దేరాం. ముందు వరసలో ఎడమవైపు నేను, కుడివైపు క్లారినెట్ కుర్రాడు. పల్లవి మొదటి వరుస శాక్సాఫోన్ ఒక్కటే ఎత్తుకోవాలి. ఎత్తుకున్నాను. వెనక డ్రమ్ములు అందుకున్నాయి. నాలుగు వందల గజాలు నడిచాం. ఏడాదిన్నర కాలువ గట్టుమీద వెతికింది ఇదే అని నాకు ఒళ్లంతా తెలిసింది. ఎవరో నా వెనక ఉన్నారు, నేను తడబడితే వాళ్లు ఒక అర తాళం ఆగుతున్నారు, నన్ను కలుపుకుని మళ్లీ నడుస్తున్నారు. మాస్టరు వెనక్కి నడుస్తూ నా కాళ్లు చూసి, ఒక్కసారి తల ఊపాడు.

ఫంక్షన్ హాలు గేటు దగ్గర ఆడపెళ్లివాళ్లు ఎదురొచ్చారు. వాళ్ల ముందు, తెల్ల చొక్కా, భుజంమీద తువ్వాల వేసుకుని మా బావ ఉన్నాడు.

మా అక్క భర్త. వేల్పూర్‌లో పసుపు పండిస్తాడు. మా నాన్న పోయాక మా ఇంట్లో ఏ మాటైనా ఆయనదే. నేను వాద్యం కొన్నానని తెలిసి, "సరదాకైతే ఇంట్ల ఊదుకో. మన ఇంట్ల బ్యాండ్ కొట్టేటోడు పుట్టలే," అన్న మనిషి. ఈ పెళ్లికి ఆయన వస్తాడని నాకు తెలియదు. ఇరవై అడుగుల దూరంలో ఉన్నాడు. మావైపే నడిచి వస్తున్నాడు.

చరణం వస్తోంది. మళ్లీ శాక్సాఫోన్ ఒక్కటే ఎత్తుకోవలసిన చోటు.

నేను ఎత్తుకోలేదు. నోటినుంచి వాద్యం తీసి, తల వంచుకుని, వరసలోంచి పక్కకు జరిగి, గేటు పక్కనున్న చెరకురసం బండి వెనక్కి వెళ్లాను. టోపీ తీశాను. కోటు విప్పుతుంటే గుండీ తెగింది. వరస దాటే ముందు ఒక్కసారి మాస్టరువైపు చూశాను. ఆయన నా కాళ్లవైపే చూస్తున్నాడు.

డ్రమ్ములు మోగుతూనే ఉన్నాయి, పైన పాట లేదు. రెండు తాళాలు అలా గడిచాయి. పెళ్లివాళ్లలో ఎవరో, "ఏమైందిర బై?" అన్నారు. అంతలో క్లారినెట్ వినిపించింది. కుర్రాడిది కొంచెం కీచుగా ఉండే ధ్వని. ఇది వేరు. లావుగా, నిదానంగా, ఎక్కడా తొందర లేకుండా చరణం మొత్తం ఒక్క ఊపిరిలో వచ్చింది. బండి వెనకనుంచి నాకు కనిపించలేదు. చూడాల్సిన అవసరం లేకపోయింది.

వెనక్కి వెళ్లి నిలబడవచ్చు. అప్పటికీ వెళ్లవచ్చు. నేను సందులోంచి ఇంటికి నడిచాను.

పన్నెండు రోజులు ఆ సందువైపు పోలేదు. మా ఆవిడ కోటు ఉతికి, గుండీ కుట్టి, ఇస్త్రీ చేసి కుర్చీకి తగిలించింది. ఎందుకు ఇచ్చిరాలేదని అడగలేదు. పన్నెండో రోజు అక్కా వాళ్లింటికి వేల్పూర్ వెళ్లాం. పసుపు ఉడకబెట్టే రోజులు, వాకిలంతా ఆవిరి, ఆ వాసన. బావ నాతో మాట్లాడడానికి కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

"మొన్న బోధన్ల ఒక పెండ్లికి వచ్చిన. తీరిక లేక మీ ఇంటికి రాలే. ఏమనుకోకు."

"అయ్యో, ఏమీ లేదు బావా."

"గా బ్యాండోళ్లు! నడుమల పాట ఆపిండ్రు. ఎవడో ముంగట్నుంచి ఉరికిండట. సిగ్గు లేకపోతే సరి." నేను నేల చూశాను. బావ గొంతు తగ్గింది. "గని గంతల ముసలోడు ఒకడు ఎత్తుకున్నడు చూడు... గట్ల ఊదంగ నేను ఎన్నడు ఇనలే. నా కండ్లల్ల నీళ్లొచ్చినయ్. నువ్వుంటే ఇనేటోనివి."

ఆయన నా ముఖంలోకి సూటిగా చూసే చెప్పాడు. ఆ రోజు కూడా ఇరవై అడుగుల దూరంలో ఇదే ముఖం చూశాడు. ఆయనకు ఎర్రకోటు కనిపించింది, టోపీ కనిపించింది, నేను కనిపించలేదు.

మర్నాడే కోటు పట్టుకుని సందుకు వెళ్లాను. మాస్టరు నులకమంచం మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. సాయిలు నన్ను చూసి లేచి, "ఎందుకొచ్చిండు గీ సారు?" అని గోడతో అన్నాడు. మాస్టరు భార్య కత్తెర ఆగింది.

"నాలుగు దినాలు పండుకోలే," అంది ఆమె నాతో, మొదటిసారిగా. "పండుకుంటే ఊపిరి ఆడలే. కూసోనే ఉన్నడు, నేను ఎన్కకెల్లి పట్టుకోని ఉన్న."

మళ్లీ ఆకు కత్తిరించసాగింది. క్షమించమని అడగడానికి దారిలో కూర్చుకున్న మాటలన్నీ ఆ కత్తెర చప్పుడుకు పోయాయి.

మాస్టరు నా చేతిలోని కోటువైపు చూశాడు. తర్వాత అడిగాడు.

"ఎవరు కనవడ్డరు?"

"మా బావ."

"గుర్తు పట్టిండా?"

"లేదు."

ఆయన నవ్వబోతే దగ్గు వచ్చింది. సాయిలు నీళ్లిచ్చాడు.

"నలభై ఏండ్లు ఊదిన సార్. నా బిడ్డకు సంబంధం చూసినంక, ఆళ్ల సుట్టాలింట్ల పెండ్లికి మేళం పోయినం. నా వియ్యంకుడు నా పక్కకెల్లి పోయిండు, నన్ను జరగమన్నడు. గుర్తు పట్టలే. కోటేసుకున్నోని మొఖం ఎవడు చూస్తడు? మీకు గా భయం ఎందుకైందో నాకు సమజ్ అయితలేదు."

నేను కోటు మంచంమీద పెట్టాను. ఆయన దాన్ని సాయిలు వైపు తోశాడు.

"వచ్చే ఆదివారం ఇంకో పెండ్లి ఉన్నది. నీకు కోటు ఇయ్య. వస్తే నీ అంగీల రా. నీ మొఖంతోని రా."

"మాస్టర్, ఈన మళ్ల ఉరుకుతడు," అన్నాడు సాయిలు.

"ఉరుకుతే ఉరుకుతడు. కాళ్లు ఆయనయి."

ఆ వారం నేను సరిగా నిద్రపోలేదు. ఆదివారం ఎర్రకోట్ల నడుమ నీలం గళ్ల చొక్కాలో నిలబడ్డాను. మాస్టరు ఇక వెనక్కి నడిచే స్థితిలో లేడు. ట్రాలీ ఆటోలో కుర్చీ వేసుకుని మా వైపు తిరిగి కూర్చున్నాడు. ఆటో మా ముందు మెల్లగా పోతోంది. బస్టాండు మలుపులో మా ఆఫీసు అటెండరు కూరగాయల సంచితో ఆగి నోరు తెరిచాడు. మెడికల్ షాపు అతను బయటికి వచ్చి ఫోనెత్తి వీడియో తీశాడు. అందరూ నన్నే చూశారు, ఎందుకంటే కోటు లేనివాణ్ని నేనొక్కణ్నే. మూతిముక్క పంటికి ఒకసారి తగిలింది. చరణం వచ్చింది. ఎత్తుకున్నాను. చివరి స్వరం వంకరపోయింది, సాయిలు దానిమీద డ్రమ్ము కొట్టి కప్పేశాడు. గేటు దగ్గర ఆగాం. మాస్టరు ఆటో దిగి, నా భుజం పట్టుకుని నిలదొక్కుకుని, "జర సన్నగ ఊదినవ్," అన్నాడు. అంతే.

ఆ వీడియో బావ దాకా పోయింది. ఐదు నెలలు ఆయన నాతో మాట్లాడలేదు. అక్క ఫోన్ చేసి ఏడ్చింది. తర్వాత రాఖీ పండుగకు ఆయనే వచ్చి, తిని, ఆ విషయం ఎత్తకుండా వెళ్లాడు.

ఆ ఏడాది ఏడు పెళ్లిళ్లలో ఊదాను, నా చొక్కాలోనే. మరుసటి ఏడు పిలుపులు తగ్గాయి. అంతా డీజేలే. మంగళవారాలు పోయి శుక్రవారాలు మిగిలాయి. మా అమ్మాయి పరీక్షలని అవీ మానేశాను. మాస్టరు ఒకసారి బజార్‌లో కనబడి, "కారుతున్నదా గాలి?" అని వాద్యం గురించి అడిగాడు. వస్తానన్నాను. వెళ్లలేదు. అదే ఆఖరు.

రైతు చెప్పిన సాయంత్రమే సందుకు వెళ్లాను. అరుగుమీద ఆమె బీడీలు చుడుతోంది. తలెత్తి చూసి, కూర్చోమన్నట్టు పీట జరిపింది. సాయిలును పిలిపించింది. ఆయన వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"నాకు ఎవరూ చెప్పలేదు సాయిలన్నా," అన్నాను.

"చేసిన గద ఫోన్. మూడుసార్లు చేసిన."

ఫోన్ తీసి వెనక్కి జరుపుకుంటూ పోయాను. మాస్టరు పోయిన రోజున, పొద్దున తొమ్మిదిన్నర దాటాక, పేరు లేని నంబరునుంచి మూడు కాల్స్ ఉన్నాయి. నేను అప్పుడు లాబ్‌లో ఉన్నాను. ఫోన్ బల్లమీదే ఉంది. ఏ లోన్ల కంపెనీయో అనుకుని ఎత్తలేదు.

"నీదేనా అన్నా ఈ నంబరు?" అని చూపించాను.

"నాదే."

ఫోన్ ఒళ్లో పెట్టుకున్నాను. తర్వాత అడిగాను, చివరిసారి సాగనంపేటప్పుడు మేళం పెట్టారా అని.

"పెట్టినం సార్. ఐదుగురం మిగిలినం. ముంగట ఎడమదిక్కు జాగ ఇడిసిపెట్టి నడిసినం."

"ఎవరు విడిచిపెట్టమన్నారు?"

"ఎవరు అనలే." సాయిలు తన అరచేతుల్లోకి చూసుకున్నాడు. "నిలవడేసరికి గట్లనే నిలవడ్డం. అలవాటు."

ఒళ్లోని ఫోన్ తీశాను. ఆ నంబరు తెరిచి, సాయిలన్న అని రాసి, దాచుకున్నాను.